చెల్లికి సరిపోయే చప్పుడు

ట్రాయ్, మిషిగన్
11 సెప్టెంబర్ 1983

అన్నయ్యకి, మణి వదినకి జ్యోతి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. రేణు ఫస్ట్ గ్రేడ్‌కి వెళ్తోంది. స్కూల్ బస్సెక్కుతుంటే నేనే ఏడ్చాను, అది వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకంటే, మా ఫోన్ వంటింటి గోడకుంది. అందులో ఏం మాట్లాడినా హాల్లో టీవీ చూసే ఆయనకి ప్రసంగంలా వినబడుతుంది. ఇది నీతో తీరిగ్గా చెప్పుకోవాల్సిన సంగతి. పైగా ఆస్పత్రిలో రోజంతా చార్టులు రాసీ రాసీ, తెలుగు అక్షరాలు మరిచిపోతానేమోనని భయంగా ఉంది.

నేను ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. నవ్వకు. మా వార్డులో నాతో పనిచేసే నర్సు కేరల్ తమ్ముడు నేవీలో చేరుతూ అమ్మేశాడు. బందరు చర్చిలో నువ్వు నేర్పిన స్పానిష్ గిటార్ కంటే దీని మెడ సన్నం, తీగలు మెత్తన. పెళ్ళయ్యాక మళ్ళీ పట్టుకోవడం ఇదే. మొదట్లో వేళ్ళు మొరాయించాయి. వారం తిరిగేసరికి పాత కార్డ్స్, ఆ స్వరాల పట్లన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కాని ఆంప్లిఫయర్ లేకుండా వాయిస్తే దువ్వెన మీద గోరు గీసినట్టుంది. షాపుకెళ్తే ట్రాన్సిస్టర్‌ది, అరవై వాట్లది చూపించారు. తగ్గించి పెడితే దోమ, పెంచితే రైలు. మాది టౌన్‌హౌసు కదా, పక్కింటి ముసలాయనకీ మాకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఇంట్లో వాయించుకోవడానికి చిన్నది, మంచిది ఏదైనా ఉంటుందా? కేరల్ తమ్ముడు "ట్యూబులది అయితేనే కొను" అన్నాడు. ఎందుకో చెప్పకుండా ఓడెక్కేశాడు. నీకు తెలుస్తుంది. ఇంట్లో రేడియో విప్పి మంచమంతా పరిచి అమ్మచేత తిట్లు తిన్నవాడివి నువ్వేగా.

ఆయనకి ప్రస్తుతానికి ఇదంతా ముచ్చటగానే ఉంది. "ఆదివారం ఆరాధనలో వాయిద్దువుగాని" అంటున్నారు. తొందరగా రాయి.

నీ చెల్లి,
జ్యోతి


సన్నీవేల్, కాలిఫోర్నియా
25 సెప్టెంబర్ 1983

మా జ్యోతమ్మకి అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం మణికి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి మొదలుపెడితే పొయ్యి మీద ఉప్మా మాడింది. ఆ నేరం నీ ఖాతాలో రాయమంది మీ వదిన. ఆఫీసులో పొద్దస్తమానం చిప్పుల గోలే. గోరంత చిప్పులో వేలకు వేల ట్రాన్సిస్టర్లు పట్టించడం నా ఉద్యోగం. అలాంటి నన్ను పట్టుకుని ట్యూబుల గురించి అడిగేదానివి ఈ దేశం మొత్తం మీద నువ్వొక్కదానివే.

ఇక పాఠం విను. అక్కడ మనం వాల్వులన్నవే ఇక్కడ ట్యూబులు. ట్రాన్సిస్టర్ మోయగలిగినంత మోసి, బరువు ఎక్కువైతే దభీమని కింద పడేస్తుంది. ట్యూబు అలా కాదు. బరువెక్కేకొద్దీ దాని గొంతు మెల్లగా బొంగురుపోతుంది, క్రిస్మస్ వారమంతా పాడి పాడి అలిసిన మనిషి గొంతులాగ. గిటార్‌కి అందం ఆ బొంగురులోనే ఉంది. అయితే ఆ స్థితికి రావాలంటే ట్యూబుని దాని శక్తి చివరిదాకా తోలాలి. యాభై వాట్లదాన్ని అంతదాకా తోలితే మీ పక్కింటాయన పోలీసుల్ని పిలుస్తాడు. ఐదు వాట్లది గదిలోనే ఆ హద్దుకి చేరుతుంది. అందుకే ఇంటికి చిన్నదే మేలు. అంకె చూసి చిన్నబుచ్చుకోకు. వాట్లు పదింతలైతేగాని చెవికి రెండింతలనిపించదు.

నీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి ఐదు వాట్లది. అందులో ఒకే పవర్ ట్యూబు, ఎనిమిదంగుళాల స్పీకరు, పెట్టె సూట్‌కేసంత. రెండోది పదిహేను, ఇరవై వాట్లది. రెండు పవర్ ట్యూబులు, పన్నెండంగుళాల స్పీకరు. బయటికి తీసుకెళ్ళి డ్రమ్ములూ అవీ ఉన్నచోట నలుగురితో వాయించేవాళ్ళకి అది కావాలి. నువ్వు ఇంట్లో వాయించుకునేదానివి గనక నీకు మొదటిది చాలు.

ఒక్క జాగ్రత్త. పాత చిన్న ఆంపుల్లో కొన్నింటికి పవర్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. గోడలోని కరెంటు సరాసరి లోపలి ఇనప చట్రానికి తగిలి ఉంటుంది. ప్లగ్ తిరగేసి పెడితే, తీగ ముట్టుకున్న మనిషికి షాకే. చవగ్గా వస్తోందని ఎవరైనా అంటగట్టినా కొనకు. అసలు నువ్వేమీ కొనకు. ఇక్కడి పాతసామాన్ల సంతలో ఇలాంటివి దొరుకుతుంటాయి. నేను వెతికి, విప్పి, బాగుచేసి పంపిస్తాను. నా చెల్లెలి చేతికి ఏం వెళ్తోందో నా కళ్ళతో చూసుకోవాలి.

రేణుకి ముద్దులు. రవి బావని అడిగానని చెప్పు.

అన్నయ్య,
దైవాశీర్వాదం


ట్రాయ్
16 అక్టోబర్ 1983

అన్నయ్యా,

నీ పాఠం చదివి కేరల్‌కి ఇంగ్లీషులో అప్పజెప్పాను. ట్యూబు అలిసిన మనిషి గొంతులా పలుకుతుందంటే అది నోరు తెరుచుకుని, "నీ బ్రదర్ పాస్టరా, ఇంజనీరా?" అంది. రెండూ కాబోయి ఒకటే అయ్యాడన్నాను.

కేరల్ డ్రమ్స్ వాయిస్తుంది. నేనూ నమ్మలేదు, బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి చూపించింది. మా ఫ్లోర్‌లోనే పనిచేసే షారన్ బేస్ గిటార్ వాయిస్తూ పాడుతుంది. గురువారాలు సాయంత్రం ఇద్దరూ కూర్చుంటారు. మే నెలలో పిల్లల వార్డుకి చందా పోగుచెయ్యడానికి ఆస్పత్రి వాళ్ళు ఒక హాలు తీసుకుని డ్యాన్స్ పెడుతున్నారు. అందులో వీళ్ళకి అరగంట ఇచ్చారట. గిటార్‌కి నన్ను రమ్మన్నారు. అన్నయ్యా, నన్ను! వార్డులో నా పేరు కూడా సరిగ్గా పలకలేని వాళ్ళు, నేను కార్డ్ మారుస్తుంటే ఆగి చూశారు.

ఇంట్లో చెబితే ఆయన మొహం మారిపోయింది.

"చర్చిలో వాయించు, ఎవరొద్దన్నారు? సంఘంలో ఎల్డర్‌ని నేను. నా భార్య డ్యాన్సుల్లో గిటార్ వాయించడమేంటి?"

"పిల్లల వార్డు కోసమండీ."

"దేని కోసమైనా. నాకు ఇష్టం లేదు. చెప్పేశాను."

చెప్పడం మాత్రం మొహం మీదే చెప్పారు. నేనూ మొహం మీదే, వెళ్తానన్నాను. నువ్వు ఒక్క మాట చెప్పకూడదూ? నీ మాటంటే ఆయనకి గురి. నేను గిటార్ పట్టింది నీ చేతుల మీదుగానేనని, ఇందులో చెడ్డ ఏమీ లేదని చెప్పు.

ఇక అసలు ప్రశ్న. ఇప్పుడు డ్రమ్ములుంటాయి కదా. నువ్వు రాసిన రెండో రకం తీసుకోవాలేమో? ఐదు వాట్లు సరిపోతాయా? నాకేం తెలియదు, నీకు తెలుసు. నువ్వేదంటే అదే.

జ్యోతి


సన్నీవేల్
13 నవంబర్ 1983

జ్యోతమ్మా,

దొరికింది! సంతలో పాత కుట్టుమిషన్ల మధ్య ఒక ముసలావిడ టేబుల్ కింద ఉంది. ఐదు వాట్లది, ఎనిమిదంగుళాల స్పీకరు, అసలైన ట్రాన్స్‌ఫార్మర్. పైన ఎవరో కాఫీ కప్పులు పెట్టిన మరకలున్నాయి గాని లోపలంతా బంగారం. రెండు వారాలుగా మా డైనింగ్ టేబుల్ మీద అదే ఉంది. మణి, నేను సోఫాలో కూర్చుని తింటున్నాం.

ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను. మూడుపిన్నుల ప్లగ్గుతో కొత్త వైరు వేశాను. ట్యూబులు కొత్తవి. నిన్న సాయంత్రం ఆన్ చేస్తే ఆ ఎర్రటి వెలుగు చూసి మణి కూడా "అబ్బ" అంది. పక్కగదిలో మనిషి నిద్రపోతున్నా నువ్వు వాయించుకోవచ్చు.

డ్రమ్ముల గురించి అడిగావు. మంచి ఆంప్ విలువ దాని గొంతులో ఉంటుందిగాని బలంలో ఉండదు. నాతో పనిచేసే గిటారిస్టు ఒకాయన పెద్దవన్నీ అమ్మేసి ఇలాంటిదే ఉంచుకున్నాడు. ఇది నీకు పుష్కలం. నన్ను నమ్ము.

వెనక చెక్క మాత్రం విప్పకు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుండి కొడుతుంది. ఏం వచ్చినా నాకు రాయి, నేను చూస్తాను. పార్సెల్లో వదిన గోంగూర పచ్చడి కూడా పెట్టింది. స్పీకరు మీద ఒలకకుండా ఐదు కవర్లు చుట్టాను.

రవి బావతో మాట్లాడాను. మంచివాడు. నిదానంగా వెళ్ళు.

అన్నయ్య


ట్రాయ్
4 డిసెంబర్ 1983

అన్నయ్యా! అన్నయ్యా!

వచ్చింది. పచ్చడి క్షేమం. పెట్టె క్షేమం. ఆన్ చేసి, వేడెక్కేదాకా ఆగలేక రేణు, నేను దాని ముందు కింద కూర్చున్నాం. మొదటి కార్డ్ వేశాను. నువ్వు చెప్పినట్టే గొంతు. పిల్ల లేచి గిరగిరా తిరిగింది. చిన్నప్పుడు క్వాయర్‌లో పాడిన పాటలన్నీ వరసగా వాయించాను. వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పినా పక్కింటాయన గోడ కొట్టలేదు.

ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నారు. "ఆశీర్వాదం బావ మంచిది చూశాడు" అన్నారు. గురువారం సంగతి ఇక ఎత్తడం లేదు. నువ్వేం చెప్పావోగాని, ఇంట్లో యుద్ధం ఆగింది. నీ ఋణం ఎలా తీర్చుకోను? క్రిస్మస్ అయ్యాక కేరల్ వాళ్ళింటికి దీన్ని తీసుకెళ్తున్నాను.

వదినకి వేయి వందనాలు.

నీ జ్యోతి


ట్రాయ్
29 జనవరి 1984

అన్నయ్యకి,

బయట నడుములోతు మంచు. ఈ ఉత్తరం రాయాలా వద్దా అని కొన్ని రోజులు ఊరుకున్నాను.

నేను వినబడటం లేదు. ప్రతి గురువారం ఇదే కథ. కేరల్ డ్రమ్స్ మొదలుపెట్టగానే నా గిటార్ ఎక్కడికో పోతుంది. నా వేళ్ళు కదలడం నాకు కనబడుతుందిగాని ఏం వాయిస్తున్నానో నాకే తెలియదు. నాబ్ చివరిదాకా తిప్పేశాను. పాపం కేరల్ పుల్లలు పక్కనపెట్టి, చప్పుడు తగ్గేలా బ్రష్‌లతో వాయించింది. అయినా అంతే. షారన్ "ఇంకా గట్టిగా కొట్టు హనీ" అంది. కొట్టాను. తీగ తెగి చూపుడువేలు కోసుకుంది. మర్నాడు వార్డులో గ్లౌజు వేసుకుంటే మండుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. వేలు మండినందుకు కాదు.

వాళ్ళిద్దరూ మంచివాళ్ళు, ఏమీ అనరు. అదే నాకు నరకం. పాట అయిపోయాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నిజం చెప్పు అన్నయ్యా. లోపం పెట్టెలో ఉందా, నా చేతిలో ఉందా? పెట్టెలో అయితే వేరేది కొనుక్కుంటాను. చేతిలో అయితే మానేస్తాను. నన్ను బుజ్జగించొద్దు. చిన్నప్పుడు తప్పు వాయిస్తే స్కేలుతో బల్ల మీద కొట్టి చెప్పేవాడివి, అలాగే చెప్పు.

జ్యోతి


సన్నీవేల్
9 ఫిబ్రవరి 1984

జ్యోతమ్మా,

వేలికి ఆయింట్‌మెంట్ రాసుకున్నావా? నర్సుకి నేను చెప్పాలా అనకు.

పెట్టెలో లోపమేమీ లేదు. నా చేతులతో బాగుచేశాను, నా చెవులతో విన్నాను. నిజం చెప్పమన్నావు గనక చెబుతున్నాను, బాధపడకు. పదేళ్ళు వదిలేసిన చెయ్యి అది. తీగలు మీటే కుడిచేతి దెబ్బలో బిగువు పోయి ఉంటుంది. దెబ్బలో బిగువు లేకపోతే ఎంత పెద్ద ఆంప్ పెట్టినా శబ్దం ముందుకు రాదు. వేరేది కొంటే డబ్బు దండగ. ఇంట్లో ఒక ఏడాది ఓపికగా సాధన చెయ్యి. ఈ మే నెలకి నన్ను వదిలెయ్యండని వాళ్ళకి మర్యాదగా చెప్పు. వచ్చే ఏడాది డ్యాన్సు ఎక్కడికీ పోదు.

బావ మనసు కూడా చూడు. సంసారంలో ఒకరు ఒక మెట్టు దిగితే పోయేదేమీ లేదు.

ఇక్కడ నిమ్మచెట్లు కాశాయి. మణి ఊరగాయ పెడుతోంది, పంపిస్తుంది.

అన్నయ్య


ట్రాయ్
18 మార్చి 1984

దైవాశీర్వాదానికి,

నీ ఉత్తరం అందిన వారమే మానేశాను. కేరల్ బతిమాలింది. "నా చేతిలో బలం లేదు, మా అన్నయ్య చెప్పాడు, ఆయనకి తెలుసు" అన్నాను. పాటలు రాసుకున్న కాగితాలు దాని చేతిలో పెట్టి, కార్లో కూర్చుని ఏడ్చి, తుడుచుకుని ఇంటికొచ్చాను.

పోయిన వారం అన్నం తింటున్నప్పుడు ఆయనకి చెప్పాను, మానేశానని. ఎందుకని అడగలేదు. "పోనీలే. ఆ పెట్టె డ్రమ్ముల దగ్గర వినబడదని ఆశీర్వాదం అప్పుడే అన్నాడు" అన్నారు.

"ఎప్పుడు?"

ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తి తాగలేదు, దించలేదు.

"ఎప్పుడన్నాడండీ? నేను వినబడటం లేదని మీకు నేను చెప్పనే లేదు."

"అక్టోబర్లో ఫోన్ చేశాను. నేను చెబితే నువ్వు మొండికేస్తావ్, తను చెబితే వింటావ్ అనుకున్నాను. తనే అన్నాడు, చిన్నది పంపిస్తాను, దానంతటదే సర్దుకుంటుంది, గొడవుండదు అని."

దానంతటదే సర్దుకుంటుంది. నేను కాబోలు ఆ "అది".

మర్నాడు కేరల్‌కి చెప్పాను. వాళ్ళ పిన్ని ఇంట్లో అచ్చం ఇలాంటి ఆంపే ఉందట, తీసుకొచ్చింది. అదే కంపెనీ, అదే స్పీకరు. రెండూ పక్కపక్కన పెట్టి నా గిటార్‌తో వాయించాను. అది గదిలో నిలబడి మాట్లాడుతోంది. నాది దుప్పటి కింద నుంచి గొణుగుతోంది. చెయ్యి మాత్రం ఒక్కటే. నాదే.

ప్లగ్ తీసి ఒక రోజంతా వదిలేసి, వెనక చెక్క విప్పాను. నువ్వు విప్పొద్దన్నావని గుర్తుంది. స్పీకరుకి సరాసరి వెళ్ళాల్సిన తీగలు సరాసరి వెళ్ళడం లేదు. మధ్యలో సుద్దముక్కల్లాంటి తెల్లటి రెసిస్టర్లు రెండు. స్పీకరుకి చేరాల్సిన శక్తిని అవి తాగేసి వేడి కింద పోగొడుతున్నాయి. మిగతా టంకమంతా పాతబడి నల్లగా ఉంది, వాటిది మెరుస్తోంది. తీగని ఉచ్చులా తిప్పి, బిగించి, ఆ తరవాతే టంకం పెట్టడం ఎవరి అలవాటో నాకు తెలియదా? అమ్మ నిద్రపోయేటప్పుడు నీకు టార్చిలైటు పట్టుకున్నది నేను కాదూ?

పెట్టెలో లోపం లేదని రాశావు. నిజమే. అది లోపం కాదు, నీ పనితనం.

చిన్నదే పంపించావు. సరే, అనుకున్నాను, ఇద్దరు మగవాళ్ళు కలిసి నాకెంత చప్పుడు సరిపోతుందో తేల్చుకున్నారు. లోకంలో లేనిదా? ఆ చిన్నదాని నోరు కూడా నొక్కి పంపించావు. అదీ సరే. కాని నేను అడిగాను నిన్ను. లోపం దేంట్లో ఉందని, నిజం చెప్పమని అడిగాను. నీకు జవాబు తెలుసు. తెలిసి, నా చెయ్యి అన్నావు.

జ్యోతి


సన్నీవేల్
29 మార్చి 1984

జ్యోతమ్మకి,

నీ ఉత్తరం మణి చేతిలో పడింది. చదివి, నా ముందు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో ఉప్పూ పప్పూ తప్ప మాట్లాడటం లేదు.

కోపంలో ఉన్నావు, ఉండు. నా వైపు కూడా విను. మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు, ఇంట్లో వాయించుకోవడానికి అని, పక్కింటాయన గోడ అని. దానికి తగ్గదే పంపించాను. రెసిస్టర్లు ఆ గోడ కోసమే. ఐదు వాట్లు కూడా టౌన్‌హౌసుకి ఎక్కువే.

రవి ఫోన్ చేసినప్పుడు అతని గొంతు నువ్వు వినలేదు. "బావా, ఇది ఇలాగే సాగితే నేను ఈ ఊళ్ళో సంఘం ముందు తలెత్తుకోలేను, టెక్సస్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని పోతాను" అన్నాడు. అక్కడ ప్లేనో ఊళ్ళో వాళ్ళ బంధువులున్నారు. నీ ఉద్యోగం, పిల్ల స్కూలు, అన్నీ ఎక్కడివక్కడ పోతాయి. నీకు చెబితే వింటావా? వినవు. నువ్వు పుట్టినప్పటినుంచీ నిన్ను ఎరుగుదును. ఒక పాటల గుంపు కోసం ఇల్లు రెండు ముక్కలవడమా? ఎవరూ ఓడిపోకుండా ఏదైనా చేద్దామనుకున్నాను. నీకు ఆంప్ దక్కింది. అతనికి పరువు దక్కింది. పెద్దన్నగా అంతకంటే ఏం చెయ్యాలి?

చెయ్యి సంగతి తొందరపడి రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు. అంత మాత్రానికి నన్ను పేరు పెట్టి పిలుస్తావా?

ఇరవై వాట్లది ఒకటి చూశాను. రెండు ట్యూబులు, పన్నెండంగుళాలు. ఏమీ ముట్టుకోకుండా, ఉన్నదున్నట్టు పంపిస్తాను. సరేనని ఒక్క ముక్క రాయి.

నీ అన్నయ్య


సన్నీవేల్
24 ఏప్రిల్ 1984

జ్యోతమ్మా,

ఈస్టర్ నాడు ఫోన్ చేశాను. బావ ఎత్తి నువ్వు డ్యూటీలో ఉన్నావన్నాడు. వెనకనుంచి రేణు "బట్ మమ్మీ ఈజ్ హియర్" అనడం నాకు వినిపించింది. బావని తప్పుపట్టను, పాపం నువ్వే చెప్పమని ఉంటావు.

రెండు వాక్యాలు రాయి. తిట్టినా సరే.

అన్నయ్య


ట్రాయ్
20 మే 1984

అన్నయ్యకి,

వదిన నాకు విడిగా రాసింది. నువ్వు సరిగ్గా తినడం లేదట. తిను.

డ్యాన్స్ పన్నెండో తారీకున అయిపోయింది. నేను వాయించాను. జరిగింది నువ్వు ఎవరి నోటో వినేకంటే నేనే చెప్పడం మంచిది.

నీకు రాసిన మర్నాడే కేరల్ దగ్గర సోల్డరింగ్ ఐరన్ తీసుకుని ఆ రెండు ముక్కలూ పీకేసి, తీగలు సరాసరి కలిపాను. కలిపాక బాగానే పలికింది. అయినా డ్రమ్ముల పక్కన ఐదు వాట్లు ఐదు వాట్లే, బేస్‌మెంట్‌లో బొటాబొటీగా సరిపోయింది. హాల్లో ఎలాగా అని భయపడుతుంటే, అక్కడ సౌండ్ చూసే ఆయన వచ్చి ఒక మైకు తెచ్చి మన పెట్టె ముందు నిలబెట్టాడు. అంతే. హాలంతా వినబడింది. చిన్న ఆంపుల్ని అందరూ అలాగే వాడతారట. ఇది నీకు తెలియదా? ట్యూబుల గురించి రెండు పేజీలు రాసినవాడివి, "ముందర మైకు పెట్టుకో" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. నాకు ఇప్పుడు ఉత్తరాలన్నీ మళ్ళీ చదువుతుంటే, రాసినవాటికంటే రాయనివే ఎక్కువ కనబడుతున్నాయి.

ఎలా వాయించానంటావా? బానే వాయించాను. రెండో పాటలో తప్పు దొర్లింది. ఎవరూ పట్టుకోలేదు. షారన్ మాత్రం పట్టుకుని నవ్వింది. పిల్లల వార్డు డాక్టరు ఒకావిడ బూట్లు విప్పేసి మరీ ఆడింది. చర్చి వాళ్ళెవరూ రాలేదు. వచ్చి ఉన్నా ఆకాశం ఊడిపడేది కాదు.

ఆయన రాలేదు. మార్చిలో మేమిద్దరం బాగా పోట్లాడుకున్నాం. రేణుని పక్కింట్లో వదిలి, తలుపులు వేసుకుని, పెళ్ళైనప్పటినుంచీ పోట్లాడనివన్నీ పోట్లాడుకున్నాం. చివరికి ఆయన మెట్ల మీద కూర్చుని "నాకు భయమేసింది జ్యోతీ" అన్నారు. టెక్సస్ మాట అడిగాను. అది కోపంలో అన్నదట, అప్లికేషన్ కూడా తేలేదట. నువ్వు దాన్ని నమ్మావు. నమ్మేముందు నన్ను ఒక్కసారి అడగాలనిపించలేదు. డ్యాన్స్ రోజు పిల్లని ఆయనే చూసుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి చారు వేడిచేసి టేబుల్ మీద పెట్టి ఉంచారు. నేను బూట్లు విప్పుతుంటే "వినబడిందా?" అని అడిగారు. వినబడిందన్నాను. చారు పోశారు.

ఆయన్ని పూర్తిగా క్షమించానని కాదు. కాని ఆయన నాకు అడ్డం నిలబడిన రోజున ఎదురుగా నిలబడ్డారు, నేను తోసుకుని వెళ్ళగలిగాను. నువ్వు నా పక్కన నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి ఆపావు. ఆపుతున్నది నువ్వని తెలియక, నా కాళ్ళలోనే బలం లేదనుకున్నాను.

ఫిబ్రవరి నెల ఎలా గడిచిందో నీకు తెలియాలి. డ్యూటీలో పేషెంట్‌కి సూది గుచ్చబోతూ నా కుడిచేతిని చూసుకుని ఆగిపోయేదాన్ని, దీనికి బలముందా అని. అద్దం ముందు గిటార్ పట్టుకుని మణికట్టు ఎలా తిరుగుతోందో చూసుకుంటూ, అసహ్యించుకుంటూ కూర్చునేదాన్ని. ఆ చెయ్యి నువ్వు తీర్చిదిద్దిందే. అది మంచిదో కాదో చెప్పగలవాడివి నా లెక్కలో నువ్వొక్కడివే. అందుకే నిన్ను అడిగాను. అందుకే నమ్మాను. మగవాళ్ళ పరువూ, సంఘం, టౌన్‌హౌసు గోడ, ఇవన్నీ నాకు అర్థమవుతాయి. ఈ ఒక్కటీ అర్థం కావడం లేదు.

పెద్దది పంపిస్తానన్నావు. వద్దు. నిన్న నా గిటార్ తీసుకుని ఒక్కదాన్నే షాపుకెళ్ళాను. ఉన్నవన్నీ ఒక్కొక్కటే వాయించి చూశాను. షాపువాళ్ళు విసుక్కున్నా లేవలేదు. ఇంటికి మళ్ళీ చిన్నదే నచ్చింది, ఐదు వాట్లదే, ట్యూబులదే. నువ్వు చెప్పినవన్నీ నిజాలే అన్నయ్యా. ఆ గొంతు, ఆ బొంగురు, గదికి చిన్నదే మేలనడం, అన్నీ. ఒక్కటైనా అబద్ధమైతే నిన్ను తేలిగ్గా తిట్టుకునేదాన్ని. కొన్నాను. నువ్వు బాగుచేసిందాన్ని కేరల్ వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంచేశాను. అది ఇంట్లో ఉంటే నాకు వాయించబుద్ధి కావడం లేదు.

వదినని ఇక మాట్లాడమని రాశాను. నా కోసం మీ ఇంట్లో ఎవరూ మౌనంగా ఉండక్కర్లేదు.

నువ్వు నా అన్నవి కాకుండా పోవు. ఆదివారాలు ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. రేణు చదువు అడుగు, బావ ఉద్యోగం అడుగు, ఇక్కడ మంచు పడిందా అని అడుగు, అన్నీ చెబుతాను. ఏం వాయిస్తున్నావని మాత్రం అడగకు.

జ్యోతి